ఆటో స్టార్టర్

మా బాపు కోపం వస్తే చేతికందిన దానితో కొట్టేవాడు. ఆ రోజు చేతికి పార దొరికింది.

నేను పదో తరగతి చదివిన ఏడాది, కొత్తూరు దగ్గరి మా ఊళ్లో పొలాలకు కరెంటు ఎప్పుడొస్తుందో, ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలిసేది కాదు. అందుకే ప్రతి బోరుకూ ఆటో స్టార్టర్ బిగించారు. కరెంటు రాగానే మనిషి లేకున్నా మోటారు నడుస్తుంది. అన్ని మోటార్లూ ఒక్కసారే లేచేసరికి ట్రాన్స్‌ఫార్మర్ రెండుసార్లు కాలిపోయింది. ఇక అవన్నీ పీకేసి, ఒకరి తర్వాత ఒకరు చేత్తో వేయాలని పెద్దబాపు, అంటే మా బాపు అన్న, ఊళ్లో కట్టుబాటు పెట్టించాడు.

అమ్మ కూలికి, బాపు ఫ్యాక్టరీకి పోయేవాళ్లు. కరెంటు కోసం బోరు దగ్గర కాపలా నాకు పడింది. నెలలో సగం బడి పోయింది. దగ్గర్లోని ఎయిర్‌పోర్టుకు విమానాలు తలమీదుగా దిగుతుంటే నేను ఆ స్టార్టర్ డబ్బాను నోటికొచ్చినట్టు తిట్టేదాన్ని, కాలితో తన్నేదాన్ని.

లెక్కల ప్రీ-ఫైనల్ రాయకపోతే హాల్‌టికెట్ ఇవ్వనన్నాడు సారు. ఆ పొద్దున బాపు దాచిన ఆటో స్టార్టర్ తీసి, ఆయన చేయగా చూసినట్టే తీగలు కలిపి బడికి పరుగెత్తాను.

మధ్యాహ్నం వచ్చేసరికి ట్రాన్స్‌ఫార్మర్ నుంచి పొగ వస్తోంది. వరి పొట్ట మీదుంది, నీళ్లు లేకపోతే గింజ పట్టక తాలే. జనం ఒకరి గల్లా ఒకరు పట్టుకున్నారు. ఒకాయన ముక్కు పగిలి రక్తం కారుతోంది. ఫ్యాక్టరీ నుంచి ఉరికొచ్చిన బాపు, మా మడి నెర్రెలిచ్చి తన అన్న మడి పచ్చగా ఉండడం చూసి, కట్టుబాటు పెట్టినవాడే తప్పాడని తేల్చేశాడు. గట్టు మీది పార తీసి కొట్టాడు. అడ్డం పెట్టిన పెద్దబాపు కుడిచేయి విరిగిన చప్పుడు నాకు వినిపించింది. పార మళ్లీ లేచింది.

"బాపూ, పెద్దబాపు కాదు. నేనే పెట్టిన."

పార నా వైపు తిరిగింది. పెద్దబాపు మధ్యలోకి వచ్చాడు. "నన్ను కొట్టినవ్, సాలు. పిల్లను ముట్టకు."

ఒక్క మోటారుకు ట్రాన్స్‌ఫార్మర్ కాలదని ఇప్పుడు నాకు తెలుసు. ఆ గుంపులో ఇంకా ఎందరో బిగించుకునే ఉంటారు. ఒక్కరూ నోరు విప్పలేదు. వాళ్ల మీద నాకింకా కోపమే.

వరి తాలుపోయింది. నేను పాసయ్యాను. మార్కుల మెమో చూపించడానికి పోతే, వంకరగా అతుక్కున్న కుడిచేయి లేవక, పెద్దబాపు దాన్ని ఎడమచేత్తో అందుకున్నాడు.

"లెక్కలల్ల ఎన్నొచ్చినయ్ బిడ్డా?" అన్నాడు.