వచ్చే వేసవి నాటికి

రిటైరైన ఇంజినీర్లలో కొందరు పొద్దున్నే షటిల్ ఆడతారు, కొందరు మేడ మీద కూరగాయలు పండిస్తారు. నేను శాసనసభ జరిగే రోజుల్లో ఫోను ఎదురుగా నిలబెట్టుకుని ప్రశ్నోత్తరాలు వింటాను. గుడివాడలో మా ఇంటికి వచ్చేవాళ్లకు మా ఆవిడ ఈ అలవాటును నా మోకాళ్ల నొప్పితో కలిపి చెబుతుంది, రెండింటికీ మందు లేదన్నట్టు. మొన్న కూడా అలాగే వింటున్నాను. పంచాయతీల మీద ప్రశ్న. తాగునీరు అందని ఊళ్ల పేర్లు చదువుతూ ఒక సభ్యుడు హంసలదీవికి అవతల మడ అడవుల అంచున ఉన్న ఒక చిన్న పల్లె పేరు చదివారు. ఆ పేరు ఇంకొకరి నోట విని చాలా కాలమైంది. కాఫీ గ్లాసు కింద పెట్టాను. మంత్రిగారు కాగితం చూసి, ఎక్కడా తడబడకుండా చదివారు: "ఆ ఆవాసంలో ప్రస్తుతం కుటుంబాలేవీ నివసించడం లేదు అధ్యక్షా. కాబట్టి ప్రశ్న ఉత్పన్నం కాదు." ఆ తర్వాత పక్క మండలం రోడ్ల దగ్గరికి వెళ్లిపోయారు.

గ్రామీణ నీటి సరఫరాలో పనిచేసినన్నాళ్లూ ఇలాంటి జవాబులకు ముసాయిదాలు రాసినవాణ్ణే కనుక ఒక మాట చెప్పాలి. ఆ జవాబులో తప్పేమీ లేదు. సభలో అడిగిన ప్రశ్న రాజధాని నుంచి జిల్లాకు, జిల్లా నుంచి డివిజన్‌కు దిగి, చివరికి ఆ ఊరి గొట్టాల కొలతలు తెలిసిన ఇంజినీరు బల్ల మీదికి వస్తుంది. అతను రాసిన నాలుగు వాక్యాలు మళ్లీ మెట్టు మెట్టుగా పైకెక్కి మంత్రిగారి నోట పలుకుతాయి. పైకెక్కే కొద్దీ వాక్యం బరువు తగ్గుతుంది. 'నీళ్లు లేవు' అన్నది 'కొరత ఉంది' అవుతుంది, 'కొరత ఉంది' అన్నది 'పరిశీలనలో ఉంది' అవుతుంది. ఈసారి తగ్గించడానికేమీ లేదు. కుటుంబాలు లేవు, నిజమే. ఆ పల్లెలో చివరిగా పొయ్యి వెలిగించిన మనిషి నాకు తెలుసు. ఆవిణ్ణి నేను పిన్ని అనేవాణ్ణి.

మాకు చుట్టమేమీ కాదు. నా చిన్నతనంలో బందరులో మా ఇంటికి ఎండుచేపలు తెచ్చేది. గంప దించగానే ఆ వాసన వీధి గది దాటి మా నాన్న చదువుకునే పేపరు దాకా వెళ్లేది, ఆయన పేపరు తీసుకుని పెరట్లోకి వెళ్లేవారు. అమ్మకు అదొక సౌకర్యం. ఇద్దరూ మధ్యాహ్నం దాకా కబుర్లు చెప్పుకునేవారు. "అక్కా, ముందు వాసన చూడు, ఆనక బేరమాడు. వాసన చూడకుండా బేరమాడేవాళ్లకి నేను పాచిదే ఇస్తా" అనేది పిన్ని. అమ్మ పోయినప్పుడు గంప లేకుండా వచ్చి, గుమ్మం పక్కన గంప దించే చోటే చాలాసేపు కూర్చుని వెళ్లింది. తర్వాత కొన్నేళ్లకు నేను బందరు డివిజన్‌లో ఇంజినీరునయ్యాను, ఆవిడ సర్పంచి అయింది. మహిళలకు కేటాయించిన స్థానం కనుక భార్య గెలిస్తే భర్త కుర్చీలో కూర్చోవడం చుట్టుపక్కల పద్ధతి. పిన్ని భర్త మాత్రం, "కుర్చీలో కూర్చుంటే నాకు నడుం పట్టేస్తది" అని వల భుజాన వేసుకుని వేటకు వెళ్లిపోయాడు. ఆయన చేసిన ప్రజాసేవ అదొక్కటే అయినా చిన్నది కాదు.

ఆ పల్లె కష్టం ఒక్కటే, మంచినీళ్లు. ఇసుకలో మనిషి లోతు తవ్వితే వాననీరు పలచగా పేరుకుని ఉంటుంది. ఇంకొంచెం తవ్వితే ఉప్పు. వేసవిలో ఆ పలచని పొర కూడా కరిగిపోతుంది. కృష్ణ సముద్రంలో కలిసే చోట బతుకుతూ, కాలువ నీరు తమ దాకా రాక, ఆడవాళ్లు బిందెలతో పడవెక్కి పాయ దాటి నీళ్లు తెచ్చుకునేవారు. ఉప్పు నీళ్లకు మనవడికి కడుపు నొప్పి తగ్గడం లేదని పిన్ని కొడుకూ కోడలూ బందరు హార్బరు దగ్గర గది చూసుకున్నారు. వాళ్లు కదిలితే ఇంకో పది ఇళ్లు కదులుతాయని పిన్నికి తెలుసు. "పల్లెంటే ఇళ్లు కాదు బాబూ, పడవ నెట్టే చేతులు. నలుగురు పోతే పడవ నీళ్లలోకి దిగదు" అంది మా ఆఫీసు బల్ల ముందు నిలబడి.

ఎమ్మెల్యేగారు సభలో ప్రశ్న వేస్తానన్నారట. నక్షత్రం గుర్తున్న ప్రశ్నకు మంత్రి సభలో నోటితో జవాబు చెబుతారు, గుర్తు లేనిదానికి రాసి ఇస్తారు అని వివరించాను. రాసిచ్చినదానికే విలువ ఎక్కువని కూడా అన్నాను, కాగితాల మనిషిని కదా. పిన్ని వినలేదు. "నోటితో చెప్పేదే వేయమను" అంది.

అందుకు కారణం ఆవిడ పుట్టి పెరిగిన రేవులో ఉంది. ఒడ్డున చేపల కుప్ప పోసి పాట పెడతారు, అంటే వేలం. అక్కడ కాగితం ఉండదు. ఒకసారి నలుగురూ వినేలా పాట పలికితే, ఆ తర్వాత వాన వచ్చినా, పక్క పడవలో అంతకంటే మంచి సరుకు దిగినా, పలికిన మాట వెనక్కి పోదు. చుట్టూ నిలబడి విన్నవాళ్లే సాక్షులు. పిన్ని ఒకసారి కవళ్ల చేపల కుప్పకు పాట పలికిన కాసేపటికే ముసురు పట్టి, ఎండబెట్టే దారి లేక కుప్పంతా కుళ్లిపోయింది. వద్దంటే అమ్మినవాళ్లు వదిలేసేవాళ్లేమో. ఆవిడ అడగలేదు, పలికిన డబ్బు కట్టేసింది. రేవులో మాట తప్పినవాళ్లను ఎవరూ తిట్టరు, ఆ తర్వాత వాళ్లు పాట పలికితే ఎవరూ తలెత్తి చూడరు, అంతే. శాసనసభ అంటే ఆవిడకు ఇంకాస్త పెద్ద రేవు.

ప్రశ్న వచ్చే రోజున పల్లె మొత్తం వేట మానేసి పంచాయతీ ఆఫీసు ముందు చేరింది. టీవీని గుమ్మంలోకి జరిపారు. పిన్ని ఇస్త్రీ చీర కట్టుకుని ముందు వరసలో కూర్చుంది. తనిఖీ పని పెట్టుకుని నేనూ వెళ్లాను. "అత్తా, మంత్రిగారికి నువ్వు కనపడవు, కొత్త చీరెందుకు?" అని కోడలు అడిగితే అందరూ నవ్వారు. "ఆయనకి నేను కనపడనని నాకు తెలుసు లేవే. ఆయన మనకి కనపడతాడు గదా, మర్యాద ఉండొద్దా" అంది. సభలో ఏదో గొడవ మొదలై సభ్యులు లేచి అరుస్తుంటే మాకు కంగారు పుట్టింది. సమయం అయిపోతే మిగిలిన ప్రశ్నలకు జవాబు చెప్పినట్టే భావిస్తారు, నోటితో చెప్పరు. పిన్ని మాత్రం నిబ్బరంగా ఉంది. "పాటకు ముందు మన రేవులోనూ ఇట్టాగే అరుచుకుంటారు. సర్దుకుంటార్లే."

సర్దుకున్నారు. పల్లె పేరు టీవీలో వినపడగానే ఒక ముసలాయన కూర్చున్నవాడు లేచి నిలబడ్డాడు. అప్పటి మంత్రిగారు నా ముసాయిదానే, కొంత బరువు తగ్గిన రూపంలో, చదివారు. నీటి ఇబ్బంది ఉన్న మాట వాస్తవమే, గొట్టాల ప్రతిపాదన పరిశీలనలో ఉంది. అక్కడితో ఆగితే ఈ కథ వేరుగా ఉండేది. ఎమ్మెల్యేగారు లేచి, "ఎప్పటిలోగా అధ్యక్షా?" అని అనుబంధ ప్రశ్న అడిగారు. మంత్రిగారు కాగితం మీద నుంచి తల పైకెత్తారు. "వచ్చే వేసవి నాటికి నీళ్లిస్తాం అధ్యక్షా" అన్నారు. ఆ మాట నేను రాసినది కాదు. చిరునవ్వుతో, మంచి మనసుతోనే అన్నట్టు నాకు అనిపించింది, ఇప్పటికీ అలాగే అనిపిస్తుంది. పిన్ని వెనక్కి తిరిగి జనాన్ని చూసింది. "అందరూ విన్నారా?" అంది. "విన్నాం" అన్నారు.

నీళ్లు వచ్చినంత సంతోషంతో తిరిగి వెళ్లారు. నేను పిన్నిని పక్కకు పిలిచి, అడిగినప్పుడు అప్పటికప్పుడు ఇచ్చిన మాట వేరు, నిధులతో మంజూరైన పని వేరు అని చెప్పాను. "ఆయన పలికాడు బాబూ. ఇంతమందిమి విన్నాం" అంది జాలిగా, నాకు లోకం తెలియనట్టు. ఆ సాయంత్రమే కొడుకు చేత హార్బరు దగ్గర గది వదిలించింది. కదలాలనుకున్న ఇళ్లన్నింటికీ తిరిగి, ఒక్క వేసవి ఓపిక పట్టమంది. పట్టారు.

గొట్టాలు వచ్చిన మాట నిజం. నల్లటి చుట్టలు పల్లెకు ముందున్న మురుగు కాలువకు ఇవతలి గట్టున దించారు. కాలువ దాటించడానికి ఒక శాఖ అనుమతి, మడ అడవి అంచున తవ్వడానికి ఇంకో శాఖ అనుమతి కావాలి. దాటాల్సింది ఒక పడవ పొడవంత వెడల్పు. దానికోసం నేను రాసిన లేఖలు వరసగా పేరిస్తే ఆ కాలువ దాటేవి. ఈలోగా నన్ను నందివాడ వైపు పనులకు బదిలీ చేశారు. వేసవి వచ్చింది. గొట్టాల్లో పీతలు కాపురం పెట్టాయి. పిన్ని రోజూ ఆ గట్టుకు వెళ్లి చుట్టల మీద చెయ్యి వేసి వచ్చేదట. కోడలు ఒకరోజు బిందె కింద పెట్టి, "అత్తా, నీళ్లు అయిపోయినై. మంత్రిగారి మాట తాగి పడుకుందామా?" అంది. మర్నాడు కొడుకు సామాను పడవలో సర్దుతుంటే తనే మనవణ్ణి ఎత్తుకుని మోకాలి లోతు నీళ్లలో నిలబడింది. వాళ్ల వెనక మిగతా ఇళ్లు వెళ్లాయి. కొట్టు లేదు, బడి లేదు, చివరకు పడవ నెట్టడానికి చేతులు లేవు. ముసలాళ్లిద్దరూ కొన్నాళ్లు అక్కడే ఉన్నారు. భర్త పోయాక కొడుకు వచ్చి తీసుకెళ్లాడు.

ఆ తర్వాత బందరులో ఒకసారి చూశాను. హార్బరు దగ్గర ఇరుకు గది, గుమ్మం పక్కనే కొళాయి. నేను వెళ్లేసరికి నీళ్ల వేళ, బిందె నిండి పొర్లుతోంది. పిన్ని దాని పక్కనే కూర్చుని ఉంది, కొళాయి కట్టలేదు. నేను కట్టేశాను. నన్ను గుర్తుపట్టి, అమ్మను తలచుకుని, కోడలి చేత టీ పెట్టించింది. పల్లె విడిచివచ్చినవాళ్లు పక్క వీధుల్లోనే ఉన్నారట, ఎవరూ తన గుమ్మం తొక్కరట. ఆవిడ కోపంగా చెప్పలేదు. రేవులో పద్ధతి అదేనన్నట్టు చెప్పింది. వాళ్ల దగ్గర పలికింది మంత్రి కాదు, తను. నేను లేవబోతుంటే చెయ్యి పట్టుకుంది.

"బాబూ, ఆయన నోటితోనే అన్నాడు గదా?"

"అన్నారు పిన్నీ."

"నువ్వూ విన్నావు గదా?"

"విన్నాను."

"మరింకేం" అని చెయ్యి వదిలేసింది. ఆ వానాకాలంలోనే పోయింది.

మొన్న ఫోను కట్టేసి, చల్లారిన కాఫీ గ్లాసు చేతిలోకి తీసుకున్నాను. మా ఆవిడ వచ్చి, ఇవాళ సభ తొందరగా అయిపోయిందా అని అడిగింది. అయిపోయిందన్నాను. సభలో మళ్లీ ఎవరో ఏదో ఊరి కోసం లేచి ఎప్పటిలోగా అని అడుగుతారు, ఎవరో తల పైకెత్తి చిరునవ్వుతో వచ్చే వేసవి నాటికి అంటారు. అక్కడ వచ్చే వేసవి ఎప్పటికీ వచ్చేదే. ఆ పల్లెకు మాత్రం అది ఒక్కసారి వచ్చింది, గట్టున గొట్టాల మీద పిన్ని చెయ్యి వేసి నిలబడి ఉండగానే వెళ్లిపోయింది.