నలభై గంటల అబద్ధం

పిల్లలకు కోడింగ్ నేర్పే ఒక సంస్థ కో-ఆర్డినేటరు నన్ను నలుగురిలో ‘మన లోకల్ సపోర్ట్ ఆంటీ’ అని పరిచయం చేశాడు. బందరు రోడ్డులో ఏ హోటల్లో అన్నాడో, ఏ వరసలో ఏ కుర్చీలో నేను కూర్చుని ఉండగా అన్నాడో ఇప్పటికీ చెప్పగలను. ముప్ఫై ఏళ్ళకు పైగా పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ పాఠాలు చెప్పి రిటైరైన మనిషిని నేను. ఆ రోజు అందరికీ మెడలో వేసుకునే కార్డులు ఇచ్చారు. నాకు మాత్రం ‘విజిటర్’ అని రాసిన కార్డు ఇచ్చారు. అది పారేయలేదు, బీరువాలో దాచాను.

నేను ఆ సమావేశానికి వెళ్ళింది మర్యాదల కోసం కాదు. దివిసీమ నుంచి వచ్చి నా దగ్గర డిప్లొమా చదివిన ఒక అమ్మాయి తరవాత కాన్వెంటులో చేరి సిస్టరైంది. ఇప్పుడు ఆఫ్రికాలో, మలావీ దేశంలో, ఒక చిన్న ఊళ్ళో ఆడపిల్లల బడి చూసుకుంటోంది. ఒకరోజు ఫోన్ చేసి, “మేడమ్, మీరిప్పుడు ఖాళీయేగా, మా పిల్లలకు ప్రోగ్రామింగ్ చెప్పకూడదా?” అంది. ఖాళీ అన్న మాట నాకు నచ్చలేదు. అయినా ఒప్పుకున్నాను. ఆ బడికి పది ట్యాబ్‌లూ, కోడింగ్ నేర్పే ఒక యాపూ ఇచ్చింది ఈ సంస్థే. వాళ్ళ ఆఫీసు గన్నవరంలో, ఎయిర్‌పోర్టుకు దగ్గర్లో ఉంది.

యాప్ బాగానే ఉంది. రంగులున్నాయి, తప్పు చేస్తే ఏడ్చే కోతిబొమ్మ ఉంది. కాకపోతే నెట్ ఉంటేనే తెరుచుకుంటుంది. ఆ బడిలో ఫోన్ మాట్లాడేంత సిగ్నల్ ఉంది గాని, యాప్ తెరుచుకునేంత లేదు. ఊరి చివర గుట్ట మీద ఆస్పత్రి ఉంది. అక్కడికి వెళితే పనిచేస్తుంది. పంతొమ్మిది మంది ఆడపిల్లల్ని రోజూ గుట్ట ఎక్కించడం సిస్టర్ వల్ల అయ్యే పని కాదు. ఈ సంగతి సంస్థకు మూడుసార్లు రాశాను. మూడుసార్లూ ‘మీ అభిప్రాయానికి ధన్యవాదాలు’ అని జవాబొచ్చింది. నేను రాసింది అభిప్రాయం కాదు, సిగ్నల్ లేదన్న సమాచారం.

అప్పుడు నాకు రికార్డు పుస్తకాలు గుర్తొచ్చాయి. మన దగ్గర కంప్యూటర్ చదివిన వాళ్ళందరూ రాసి, తిట్టుకుని, అట్టలేసి, సంతకాల కోసం స్టాఫ్ రూముల ముందు నిలబడ్డవే. కుడివైపు గీతల పేజీలో ప్రోగ్రాము, ఎడమవైపు తెల్ల పేజీలో ఫలితం. మా రోజుల్లో ముప్ఫై మందికి రెండు కంప్యూటర్లు ఉండేవి. అందుకని కాగితం మీదే గడులు గీసి, ఒక్కో లైనుకూ ఏ విలువ ఎంతవుతుందో రాసుకుంటూ చివరిదాకా వెళ్ళేవాళ్ళం. దాన్ని డ్రై రన్ అంటారు. మిషను చేసే పని మనిషి పెన్నుతో చేయడమే. నేనూ అలాగే నేర్చుకున్నాను, అలాగే నేర్పాను.

మలావీలోనూ అదే మొదలుపెట్టాను. మా భవానీపురంలో సాయంత్రం నాలుగున్నరైతే అక్కడ మధ్యాహ్నం ఒంటిగంట. సిస్టర్ ఫోన్ స్పీకర్లో పెట్టి బల్ల మీద ఉంచేది. నేను ఇంగ్లీషులో చెప్పేదాన్ని. పిల్లలు నోటు పుస్తకాల్లో రాసేవాళ్ళు. ఆదివారం సిస్టర్ గుట్ట ఎక్కి ఆ పేజీల ఫొటోలు పంపేది. నేను వన్ టౌన్ వెళ్ళి జిరాక్స్ షాపులో వాటిని ప్రింటు తీయించి, ఎర్ర సిరాతో దిద్ది, మళ్ళీ ఫొటోలు తీసి పంపేదాన్ని. నా యాస విని ఆ పిల్లలు ఒక్కసారి కూడా నవ్వలేదు. హైదరాబాద్ నుంచి సంస్థ ఆన్‌లైన్ మీటింగులకొచ్చే వాళ్ళు నవ్వారు, రెండుసార్లు.

నేను చేస్తున్న పని తెలిసి కో-ఆర్డినేటర్ ఫోన్ చేశాడు. “కాగితం మీద కోడింగా మేడమ్ గారూ? ఈత కూడా ఒడ్డు మీదే నేర్పుతారా ఏంటండీ?”

“మా కాలవల దగ్గర అలాగే నేర్పుతారు బాబూ. దిగేముందు ఒడ్డున కూచోబెట్టి, ఎక్కడ లోతుందో చూపిస్తారు. మీ ఊళ్ళో ముందు తోసేస్తారేమో.”

అతను నవ్వి పెట్టేశాడు. తరవాత ఒక మీటింగులో ఆ ఈత మాటను తన సొంత హాస్యంలా మళ్ళీ చెప్పాడు. నా జవాబు మాత్రం చెప్పలేదు.

ఏడాది తిరిగేసరికి పంతొమ్మిది మందిలో ఒక అమ్మాయి మిగతావాళ్ళను దాటిపోయింది. పద్దెనిమిదేళ్ళు ఉంటాయి. నేనిచ్చిన ప్రోగ్రాములో నా తప్పే పట్టుకుని, మర్యాదగా పెన్సిల్‌తో చుట్టూ సున్నా చుట్టి పంపేది. వాళ్ళ రాజధానిలోని ఒక శిక్షణ సంస్థలో ఆ అమ్మాయికి సీటు ఇస్తామన్నారు. శుక్రవారంలోగా కోర్సు పూర్తిచేసిన సర్టిఫికెట్ పంపాలి. ఆ సర్టిఫికెట్ ఇవ్వాల్సింది మన గన్నవరం వాళ్ళు. యాప్ మీద నలభై గంటలు గడిపితేనే వాళ్ళ సిస్టం చివరి పరీక్ష తెరుస్తుంది. గుట్ట ఎక్కిన రోజులన్నీ కలిపినా ఆ అమ్మాయివి నాలుగు గంటలే. ఫోన్లో అడిగితే కుదరదన్నారు.

బుధవారం పొద్దున్నే, ఆ అమ్మాయి రాసిన పేజీల ప్రింట్లన్నీ గుడ్డసంచిలో పెట్టుకుని గన్నవరం బస్సెక్కాను. ఆఫీసులో నన్ను ముప్పావు గంట రిసెప్షన్‌లో కూర్చోబెట్టారు. నా తరవాత వచ్చిన వాటర్ క్యాన్ల అతన్ని ముందు లోపలికి పంపారు.

“మీ బాధ అర్థమైందండీ. కానీ సిస్టం ఒప్పుకోదండీ,” అన్నాడు కో-ఆర్డినేటర్.

“సిస్టం రాసిందెవరు బాబూ?”

“మా టీమేనండీ.”

“అయితే మీ టీమ్‌నే అడుగుదాం. సర్టిఫికెట్ ఊరికే ఇవ్వమనట్లేదు, పరీక్ష పెట్టమంటున్నాను. తప్పితే సంచి పట్టుకుని వెళ్ళిపోతాను.”

“అలా రూల్ లేదండీ.”

“సరే. నేను భోజనం తెచ్చుకున్నాను. మీ పని మీరు చూసుకోండి.”

అతని ఎదురుగానే క్యారేజీ విప్పాను. ఆ రోజు గోంగూర పచ్చడి. ఏసీ గది కదా, వాసన ఎటూ పోదు. సగం తినేలోపే, వెనక సీట్లో ఉన్న ప్రోగ్రామర్ అమ్మాయి, “సర్, పరీక్ష ఓపెన్ చేయొచ్చు సర్. ఐదు నిమిషాల పని,” అంది. అతను నా క్యారేజీ వైపు చూసి, చేయమన్నాడు.

సిస్టర్‌కు ఫోన్ చేశాను. అప్పటికే ఆమే, ఆ అమ్మాయీ గుట్ట మీద ఆస్పత్రి వరండాలో ఉన్నారు. నేను సాధించుకొస్తానని సిస్టర్‌కు నమ్మకం. ముప్ఫై ప్రశ్నలు, ఇరవై నాలుగు వస్తే పాస్. గంట తరవాత ఫోనొచ్చింది.

“మేడమ్, ఇరవై మూడు,” అంది సిస్టర్. “పిల్ల ఏడవట్లేదు మేడమ్. పదిహేడో ప్రశ్న తప్పంటోంది. తను పెట్టింది కాదు, యాప్‌లో ఉన్న జవాబే తప్పంట. కాగితం ఫొటో పంపుతున్నా, చూడండి.”

చూశాను. ఒకటితో మొదలుపెట్టి, మూడు చొప్పున పెంచుతూ, పది దాటేదాకా ‘హలో’ అని అచ్చువేస్తే ఎన్నిసార్లు పడుతుందని ప్రశ్న. యాప్ మూడు అంటోంది. ఆ అమ్మాయి వరండాలోనే గడులు గీసింది. ఒకటి, నాలుగు, ఏడు, పది. నాలుగుసార్లు. పది దాటలేదు కాబట్టి పది దగ్గరా పడుతుంది. నేను నేర్పినట్టే, ఒక్కో గడికీ పక్కన టిక్కు.

ఆ ఫొటో ప్రోగ్రామర్ అమ్మాయి ముందు పెట్టి, “ఇది నడిపి చూడమ్మా,” అన్నాను.

నడిపింది. తెరమీద నాలుగు హలోలు ఒకదాని కింద ఒకటి పడ్డాయి. ఆ అమ్మాయి వాటిని వేలితో లెక్కపెట్టి, కో-ఆర్డినేటర్ వైపు చూసి, “మన ఆన్సర్ కీ తప్పండి,” అంది. ఎన్ని దేశాల్లో ఎంతమంది పిల్లలు ఆ ప్రశ్నకు సరైన జవాబు రాసి, ఏడ్చే కోతిని చూశారో నాకు తెలియదు. అతన్ని అడిగాను. “చిన్న బగ్ అండీ,” అన్నాడు.

కీ దిద్దారు, ఇరవై నాలుగైంది. సర్టిఫికెట్ ప్రింటు తీశారు. చదివితే, ‘యాప్‌లో నలభై గంటల శిక్షణ పూర్తిచేసినందుకు’ అని ఉంది.

“నాలుగు అని వేయండి,” అన్నాను.

“నాలుగు వేస్తే ప్రింటు రాదండీ. నలభై అని కొడితేనే వస్తది.”

శుక్రవారం గడువు కళ్ళముందుంది. సంచిలో ఏడాది పాటు రాసిన పేజీలున్నాయి, వాటి గురించి ఆ కాగితంలో ఒక్క ముక్క లేదు. తీసుకుని బయటికొచ్చాను. సీటొచ్చింది.

రెండు నెలలకు వాళ్ళ వెబ్‌సైటులో ఆ అమ్మాయి ఫొటో పెట్టారు. చేతిలో ట్యాబ్. కింద ‘మా యాప్‌తో నలభై గంటల్లో’ అని రాశారు. పేజీ మూలన పదిహేడో ప్రశ్న కూడా ఉంది, దిద్దిన జవాబుతో. నేను ఐదు ఉత్తరాలు రాశాను. నాలుగు గంటలు యాప్, మిగతాదంతా కాగితం, దిద్దమని. ఐదూ రిజిస్టర్డ్ పోస్టు, రసీదులున్నాయి. జవాబు రాలేదు. ఆరోది వాళ్ళకు డబ్బిచ్చే విదేశీ సంస్థకు రాశాను, నాలుగు పేజీలు. చిరునామా కోసం సిస్టర్‌ను అడిగాను. ఆమె ఆ అమ్మాయితో చెప్పినట్టుంది. రాజధాని నుంచి నాకు మెసేజ్ వచ్చింది.

‘మేడమ్, ఆ నలభై గురించి ఇంకెవరికీ రాయకండి. నేనీ క్లాసులో కూర్చున్నది ఆ కాగితం మీదే. అది తప్పని రుజువైతే ముందు లేపేది నన్నే. మీరు నేర్పిన గడులు ఇక్కడ నా పక్కవాళ్ళకు నేర్పుతున్నాను.’

చివరి వాక్యం నన్ను మంచి చేసుకోవడానికే రాసిందని తెలుసు. అయినా ఆరో ఉత్తరం పోస్టు చేయలేదు. విజిటర్ కార్డు పక్కనే బీరువాలో పెట్టాను. ఇదంతా ఎవరి పేరూ చెప్పకుండా రాయడానికీ కారణం అదే. వాళ్ళ మీద జాలితో అనుకోకండి.

ఈ ఏడు కొత్త బ్యాచ్ మొదలైంది. మొన్న సిస్టర్, “గన్నవరం వాళ్ళు మళ్ళీ యాప్ గంటలు అడుగుతున్నారు మేడమ్, ఏం చేద్దాం?” అంది. ఐదు ఉత్తరాలు రాసిన మనిషిని నేను. అయినా, “ట్యాబ్‌లు గుట్ట మీదికి పంపించు,” అన్నాను. ఇప్పుడు పది ట్యాబ్‌లూ రోజూ పొద్దున్నే సంచిలో గుట్ట ఎక్కుతున్నాయి. ఆస్పత్రి వరండాలో బెంచీ మీద వరసగా వెలుగుతూ గంటలు నింపుకుని, సాయంత్రానికి దిగొస్తున్నాయి. కింద బడిలో పిల్లలు గడులు గీసుకుంటున్నారు.