రైల్లో విన్న స్వేచ్ఛ

అప్పటికి నాకు అక్షరాలు రావు. ముసలితనంలో నేర్చుకుని ఇప్పుడు రాస్తున్నాను.

గుంటూరు నుంచి గిద్దలూరు వచ్చే రైల్లో పక్కన కూర్చున్న అమ్మాయి, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇళ్లూ ఉద్యోగాలూ వదిలేసి రోడ్ల వెంట తిరిగిన అమెరికా తిరుగుబాటు కవుల మీద పరిశోధన చేస్తున్నానంది. నేను గొర్రెల వెంట ఊళ్లు తిరుగుతానని చెప్పాను.

"నువ్వూ వాళ్లలాగే, అవ్వా! ఎంత స్వేచ్ఛ!" అని సంబరపడింది.

నాకు ఒళ్లు మండింది.

"ఏంది తల్లీ స్వేచ్ఛ? వాళ్లు చదువుకొని, కొలువులు వద్దని పోయినారు. నన్ను బడికి పోతావా అని ఒక్కరన్నా అడిగినారా? మా నాయన నన్ను పసితనంలోనే మంద వెంట తోలినాడు. మేత లేక తిరిగినాం. వాళ్లకు మా గొర్రెలిస్తే రెండు దినాల్లో కొలువుకు ఉరుకుతారు!"

మరునాడు పొద్దున నా కొడుకు తన కూతురిని బడి మాన్పించి మందతో పంపబోతే అడ్డం నిలబడ్డాను. పిల్లను బడిలో దించి, గొర్రెలను నేనే తోలుకుపోయాను.