ఫ్లెక్సీ మీద లేని మాట

సూరత్‌లోని బమ్రోలిలో మా తెలుగువాళ్ల సంఘం ఏటా ఒక వీరుడి జయంతి చేస్తుంది. అడవి కోసం ప్రాణమిచ్చిన మనిషి, మా జిల్లావాడే. నా భార్య గోండు, ఆయనా గోండే. ఈసారి ఆమె నన్ను ఒక్కటే అడిగింది.

"ఫ్లెక్సీ మీద గోండు వీరుడు అని రాయమను. కింద గుజరాతీల గూడ రాయించు, మన పిల్ల సదువుతది."

మా పిల్లకు తెలుగు అక్షరాలు రావు మరి. సరేనని మీటింగులో అడిగాను. అడిగానో లేదో, తలా ఒక మాట. "తెలంగాణ వీరుడంటే సాలదా?" అన్నాడొకడు. "కులం పేరెందుకు నడుమల?" అన్నాడింకొకడు. అది కులం కాదురా నాయనా అంటే వినేదెవరు!

చివరికి సంఘం పెద్ద, నన్ను మగ్గాల మీద పనికి పెట్టించిన కాకా, భుజం మీద చెయ్యేశాడు. "పరాయి ఊర్ల ఉన్నం బిడ్డా. ఈడ గూడ నువ్వేరు, నేనేరు అనుకుంటే ఎట్ల? జర సమజ్ చేస్కో."

ఆయన చెప్పిందాంట్లో అబద్ధం లేదు. నాకు ఒళ్లు మండిందే అందుకు. ఇంట్లో ఆమె, బయట వీళ్లు. అడకత్తెరలో పోకచెక్కనయ్యాను.

జయంతి రోజు ఫ్లెక్సీ మీద 'తెలుగుజాతి ముద్దుబిడ్డ' అని ఉంది. ఆమె దాన్ని రెండుసార్లు చదివింది. ఆమె మనసు నొచ్చుకుందని కాకాకు తెలుసు. అందుకే పిలిచి మైకు చేతికిచ్చాడు. "మన కోడలు నాలుగు ముచ్చట్లు చెప్తది."

ఆమె గోండిలో మాట్లాడింది. నాకు సగమే అర్థమైంది. ఆయన మావాడు, మావాడు అని మాత్రం మళ్లీ మళ్లీ వినబడింది. అంత గట్టిగా ఆమె మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

వెనక నిలబడ్డ కుర్రాళ్లు ఈలలు వేశారు. సూరత్‌లోనే పుట్టి పెరిగినవాళ్లు. వాళ్లకు అర్థంకాని తెలుగంతా పల్లెటూరి తెలుగే. "క్యా బాత్ హై వదినా! అసల్ మన ఊరి తెలుగు!" అని ఒకడు అరిచాడు. అందరూ చప్పట్లు కొట్టారు. అది తెలుగు కాదని తెలిసిన కాకా కూడా కొట్టాడు. లేచి చెప్పాలనుకున్నాను. లేవలేదు.

ఆమె దిగొచ్చి నా పక్కన కూర్చుంది.

"ఆయన్ని ఇడిపిద్దామని పోయిన," అంది. "నన్ను గూడ కలుపుకున్నరు."