షావుకారు ముందు చదివిన వ్యాసం

1996 జూన్ 17, సోమవారం, ఉదయం పదిన్నరకు ధర్మవరంలో ఒక నేతగాళ్ళ ఇంట్లో చాప మీద కూర్చుని మొదటి పాఠం చెప్పాను. హిందూపురం హైస్కూల్లో ఇరవై తొమ్మిదేళ్ళు తెలుగు చెప్పి రిటైరయ్యాక పెనుకొండలో ఉంటున్నాను. సోమవారం, గురువారం ప్యాసింజరు రైల్లో ధర్మవరం వెళ్ళేదాన్ని.

పిల్లలిద్దరూ అక్కచెల్లెళ్ళు. ఒకరికి పదిహేనేళ్ళు, ఒకరికి పదకొండు. తల్లి లేదు. తండ్రి బడి మాన్పించి ఇంట్లోనే చదివిస్తానన్నాడు. పెద్దపిల్ల చేత మార్చిలో ప్రైవేటుగా పదో తరగతి రాయించాలన్నది నాకూ ఆయనకూ కుదిరిన ఒప్పందం.

పుస్తకంలో ఉన్నది అప్పజెప్పడం ఇద్దరికీ బాగా వచ్చు. సొంతంగా రాయమంటే "మా ఊరు చాలా అందమైనది" అని రాసేవాళ్ళు. అందుకని ఒక పద్ధతి పెట్టాను. ప్రతి వాక్యం పక్కన మార్జిన్‌లో ఒక అక్షరం వేయాలి. కళ్ళారా చూసిందైతే 'చూ', ఎవరో చెప్పగా విన్నదైతే 'వి', ఊరికే అనుకున్నదైతే 'అ'. మొదటి నెలంతా పేజీల నిండా 'వి', 'అ'లే.

వాళ్ళవ్వ దారం చుడుతూ నవ్వేది.

"ఏం చదువమ్మా ఇది! పులుసులో ఉప్పు ఎక్కువైందే అంటే, 'చూసినావా అవ్వా, ఎవురన్నా చెప్పినారా' అంటాది చిన్నది. తిని చెప్తాండానే అంటే, నాలుక్కి అక్షరం లేదంట!"

బాగా రాసిన వ్యాసాన్ని ఇంట్లో అందరూ వినేలా నేనే పైకి చదివేదాన్ని. అది నా అలవాటు.

1997 జనవరి 9, గురువారం. 'మా ఇంట్లో పని' అన్న వ్యాసం రాసి ఉంచమని ముందే చెప్పాను. ఆ రోజు పట్టు, జరీ ఇచ్చి చీరలు నేయించుకునే షావుకారు వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. తండ్రి మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి కూర్చుని ఉన్నాడు. పెద్దపిల్ల నోటుబుక్కు తెరిచాను. పద్నాలుగు వాక్యాలు, పక్కన పద్నాలుగు 'చూ'లు. వాక్యాలు చదవలేదు, మార్జిన్ మాత్రమే చూశాను. బయటి మనిషి కూడా వింటాడని సంతోషపడ్డాను.

"ఇప్పుడొద్దు టీచరమ్మా, సోమవారం చదువుదురు" అని ఆ పిల్ల పుస్తకం పట్టుకుంది.

"సిగ్గు దేనికే?" అని లాక్కుని పైకి చదవడం మొదలుపెట్టాను.

"మా నాయనకు జరీ పోగు కనపడదు. వేలితో తడిమి చూస్తాడు. అంచు నేను నేస్తాను. తెల్లవారి అయిదు నుంచి తొమ్మిది దాకా నేస్తాను. షావుకారు వచ్చే రోజు మగ్గంలో నాయన కూర్చుంటాడు."

అయిదో వాక్యం దగ్గర ఆగాను. అప్పటికే అది నా నోట్లోంచి బయటికి వచ్చేసింది.

"ఏమప్పా, ఇన్నాళ్ళూ నీ చెయ్యి మెచ్చుకుంటాంటినే. పాప చెయ్యా అది?" అన్నాడు షావుకారు. "కనపడనోనికి, చిన్నపిల్లకి జరీ యాడిస్తామప్పా!" అని తెచ్చిన పట్టు, జరీ సంచి తిరిగి చంకన పెట్టుకుని వెళ్ళాడు.

తండ్రి గుంటలోంచి పైకి వచ్చి నాతో అన్నాడు. "బడికి పోతే మగ్గం ఆగుతాదని పాపను ఇంట్లో పెట్టుకొంటి. పరీక్షయినా రాయనీలే అని మిమ్మల్ని పిలిస్తి. ఇంక రావద్దండి టీచరమ్మా."

చెప్పులు వేసుకుంటుంటే పెద్దపిల్ల గడప దగ్గరికి వచ్చింది. "చూసింది రాయమంటిరి, రాసినా. చదవొద్దు అంటే ఎందుకే అని ఒక్క మాటన్నా అడగలేదే మీరు!" అంది.

జూన్ 17 నుంచి ఆ రోజు వరకు సోమవారాలు, గురువారాలు కలిపి అరవై. నేను నాగా పెట్టినవి ఏడు. చెప్పిన పాఠాలు యాభై మూడు. మార్చిలో ఆ పిల్ల పరీక్షకు రాలేదు. 2004 వరకు తెలిసినవాళ్ళ ద్వారా వాకబు చేస్తూనే ఉన్నాను. ఏ ఏడూ రాయలేదన్నారు. చెల్లెలు మళ్ళీ పుస్తకం పట్టలేదు. ఆ ఇంట్లో రెండు మగ్గాలుండేవి, ఆ జనవరి నెలాఖరులోగా పని లేక రెండూ విప్పేశారు.

పోయినవి: మగ్గాలు రెండు, పరీక్ష ఒకటి, ఇద్దరి చదువు.