మావ దిద్దిన కళ్లు

అవిసె నూనె సీసా మూత తీస్తే చాలు, నార్వేలో ఎడతెగని వాన కురిసే ఈ ఊళ్లో, నా బొమ్మల గదిలోకి జంషెడ్‌పూర్ భాలుబాసా పేట వచ్చి కూర్చుంటుంది. మా మావ రంగుల కొట్టు, పక్క బండి మీద నిప్పుల్లో కాలే లిట్టీల పిండి ఉండల పొగ, ఉక్కు కార్ఖానా వాళ్లు కరిగిన చిట్టెం కుమ్మరించినప్పుడల్లా ఉన్నట్టుండి ఎర్రబడే వేసవి సాయంత్రపు ఆకాశం, ఆ వెలుగులో గోడ మీద వరసగా ఆరుతున్న చచ్చిపోయినవాళ్ల మొహాలు, అన్నీ ఒక్కసారే.

మావ, అంటే మా అమ్మ తమ్ముడు, పోయినవాళ్ల ఫొటోల్లో కళ్లు తెరిపించేవాడు. బతికుండగా ఫొటో దిగనివాళ్లే ఎక్కువ కాబట్టి, ప్రాణం పోయాక గోడకు ఆనించి కూర్చోబెట్టి తీసినదాన్నే పెద్దది చేయించి, పదకొండో రోజు లోపల ఆయన దగ్గరికి తెచ్చేవారు. "ఆంఖ్ ఖోల్ దీజియే, దాదా", కళ్లు తెరిపించు అన్నా, అనేవారు టెల్కో కాలనీ నుంచి వచ్చే బిహారీలు. మావ మొదట ఫొటో ఎదుట దీపం పెట్టి, మూసిన రెప్పల మీద సన్న కుంచెతో తెల్లగుడ్డు వేసి, నల్లగుడ్డు మాత్రం ఎప్పుడూ పక్కకే దిద్దేవాడు. పోయినవాళ్లు సూటిగా ఎవరిని చూస్తే వాళ్లను పిలుచుకుపోతారని ఆయన నమ్మకం. ఆ గోడ కింద కూర్చుని గవ్వలాడే నాకు, అంతమందిలో ఒక్కరూ నావైపు చూడకపోవడమే గుబులుగా ఉండేది. తల తిప్పగానే చూస్తారేమోనని టక్కున వెనక్కి తిరిగేదాన్ని.

నా ఎనిమిదో ఏట అమ్మ కామెర్లతో పోయింది. పెళ్లి ఫొటోలో తల వంచుకునే ఉంది కనుక, ఆమెదీ పోయాక తీసిన ఫొటోయే మావ చేతికి వచ్చింది. నేను ఆయన మోకాలు పట్టుకుని వదల్లేదు.

"మావా, అమ్మ నాకేసి సూడాల."

"తప్పే అమ్మీ. పిలిసేత్తాది."

"పిలిత్తే ఎల్లిపోతాను."

మావ కుంచె కింద పెట్టేసి, నన్ను అత్త దగ్గరికి పంపేశాడు. కార్యం నాడు ఇల్లంతా గారెల వాసన కమ్ముకున్న వేళ, దండ వెనక అమ్మ తలుపు వైపు చూస్తూ ఉంది. పరుగున వెళ్లి తలుపు దగ్గర నిలబడితే, తలుపు అవతలికి చూసింది. మావ మీద ఎంత కోపం వచ్చిందంటే, ఆ దసరాకి ఆయన కొన్న గాజులు ముట్టుకోలేదు.

ఆ కోపంతోనే బొమ్మలు నేర్చి దేశాలు దాటాను. కానీ నేను గీసిన మొహం ఒక్కటీ ఎదుటివాళ్ల కళ్లలోకి చూడదు. ఇక్కడివాళ్లు అడిగితే అది నా శైలి అంటాను. మావ నమ్మకం నా చేతిలోకి దిగిపోయింది, దాన్ని వదిలించుకునే ధైర్యం నాకు లేదు.

ఇప్పుడు మావ లేడు, కొట్టు లేదు. నవ్వుతున్న ఫొటోలు అందరి ఫోన్లలోనూ ఉన్నాయి కనుక కళ్లు తెరిపించే పనే లేకుండా పోయింది. అమ్మ ఫొటో మాత్రం ఈ గదిలో ఉంది. కొన్నేళ్లుగా ఆ తెల్లగుడ్ల నడిమధ్యన మసకగా మరో నల్లచుక్క తేలుతోంది. తెల్లరంగు పాతబడేకొద్దీ పలచబడి, దాని కింద కప్పేసిన గీత బయటపడుతుందని మా వృత్తిలో అందరికీ తెలుసు. అంటే నన్ను పంపేశాక మావ నా మాట విని, అమ్మ కళ్లు నావైపే దిద్దాడు. తర్వాత బెదిరిపోయి, రంగుతో కప్పి, చూపు పక్కకు మళ్లించాడు.

కారణం రంగేనని తెలుసు, అయినా ఏటికేడాది అమ్మ నావైపు తిరుగుతోంది. ఆ ఫొటో తీసి లోపల పెట్టమని మా ఆయన గొడవ. నేను కుర్చీ సరిగ్గా దాని ఎదురుగా జరుపుకున్నాను.