నాంచారమ్మ మార్చని మాట

నాంచారమ్మకు కోపమొస్తే అరవదు. కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంటుంది. రెండు వేల రెండులో, వేసవి సెలవుల తర్వాత కాలేజీ తెరిచిన రోజున ఆ అద్దాలు ఎన్నిసార్లు తుడిచిందో ఆమెకే తెలియదు.

బెజవాడలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీకి ఆమె లైబ్రేరియన్. కరస్పాండెంటు బసవపున్నయ్యగారి మాటంటే అక్కడ వేదవాక్కు. ఆయన పొద్దున్నే వచ్చి స్టోరు గది తాళాల గుత్తి ఆమె బల్ల మీద పెట్టారు.

"పుస్తకం ఉందో లేదో ఇక పిల్లలు కంప్యూటర్లోనే చూసుకుంటారమ్మా. అంతా వెబ్ పేజీల్లో పెడుతున్నాం. ఈ వయసులో ఇవన్నీ మీకెక్కడ ఎక్కుతాయి? హేమసుందర్ చూసుకుంటాడు. మీరు స్టోర్స్‌లో సుద్దముక్కలూ అవీ చూసుకోండి."

సుద్దముక్కలట! గిలకలదిండిలో చేపలమ్మే తల్లికి పుట్టి, ఆడపిల్లకు చదువెందుకన్న వాళ్ళందరి నోళ్ళూ మూయించి, బందరు దాకా నడిచి చదువుకున్న మనిషి ఆమె. బతుకంతా పుస్తకాల మధ్య గడిపి చివరికి సుద్దముక్కలకు కాపలా కాయాలా?

"నేర్చుకోలేకపోతే పంపండి సార్. నేర్చుకోకముందే ఎట్లా పంపుతారండీ?" అంది.

"సరే, దసరాలోపు చేసి చూపించండి. లేదంటే తాళాలు తీసుకోవాల్సిందే."

ఆ గుత్తిని నాంచారమ్మ ముట్టుకోలేదు. బల్ల తుడిచేవాళ్ళను కూడా కదపనివ్వలేదు.

కంప్యూటర్ లెక్చరర్ హేమసుందర్ మంచివాడు. మధ్యాహ్నం క్యారేజీ తినడం అయ్యాక ల్యాబులో కూర్చోబెట్టి వెబ్ పేజీ రాయడం నేర్పాడు. మొదట్లో ఒకచోట లావు అక్షరాల కోసం తెరిచిన ట్యాగు గుర్తు మూయడం మరిచిపోతే, పుస్తకాల జాబితా అంతా లావుపాటి అక్షరాలైపోయింది. "ఒక్క కన్ను తెగితే వలంతా పోయినట్టన్నమాట. ఇది మా ఇంటి విద్యే కదయ్యా!" అని నవ్వి, మొదటినుంచీ మళ్ళీ రాసింది.

పని కొలిక్కి వచ్చాక హేమసుందర్, "చివర్లో ఎగ్జిట్ అని ఒక బటన్ పెట్టండి మేడమ్" అన్నాడు.

ఎగ్జిట్ అంటే పొమ్మనడమేగా! ఆ మాట ఆమెకు మింగుడుపడలేదు. చేపల వేటకు వెళ్ళే తండ్రి ఏనాడూ గుమ్మంలో "పోతున్నా" అనలేదు. ఒకసారి ఆమె అన్నయ్య నోరుజారి అలా అంటే, అమ్మ వాడిని వెనక్కి పిలిచి మంచినీళ్ళు తాగించి, "వెళ్ళొస్తాను" అనిపించాకే పడవెక్కనిచ్చింది. ఆ కంప్యూటర్లలో తెలుగు సరిగా రాదు. అందుకని ఏలూరు రోడ్డులో డీటీపీ షాపుకు వెళ్ళి, "వెళ్ళొస్తాను" అన్న ఒక్క మాట బొమ్మగా చేయించి, ఫ్లాపీలో తెచ్చి పేజీలో అతికించింది. నొక్కితే ఏం జరగాలో కూడా తనే రాసుకుంది.

దసరాకు ముందు బసవపున్నయ్యగారు వచ్చి కంప్యూటరు ముందు కూర్చున్నారు. ఏ పుస్తకం అడిగినా అది ఏ బీరువాలో ఉందో తెర మీద వచ్చింది. చివర్లో ఆ బటన్ చూసి ఆయన మొహం చిట్లించారు.

"ఇదేంటమ్మా, పేరంటంలాగా? ఇన్‌స్పెక్షన్‌కి వచ్చేవాళ్ళు నవ్వరూ?" అంటూ నొక్కారు. మొదటి పేజీ వచ్చింది. మళ్ళీ నొక్కారు. మళ్ళీ అదే పేజీ. "బయటికి పోదేంటిది?"

"వెళ్ళొస్తానన్న మనిషి తిరిగి రావద్దా అండీ?" అంది నాంచారమ్మ.

"అదే కరెక్టు సార్. తర్వాత కూర్చునే స్టూడెంటుకి మొదటి పేజీయే కనపడాలి" అన్నాడు హేమసుందర్ మెల్లగా.

"నాకదంతా తెలీదు. ఎగ్జిట్ అని మార్చండి. మార్చనంటే తాళాలు తీసుకోండి."

నాంచారమ్మ కళ్ళజోడు తీసింది. తుడిచి పెట్టుకుంది.

"పేజీ పని చేస్తోందో లేదో చెప్పండి సార్. చెయ్యట్లేదంటే ఇప్పుడే స్టోర్స్‌లో కూర్చుంటా. చేస్తుంటే మాత్రం ఈ కుర్చీ వదలను, ఆ మాట తియ్యను. నా లైబ్రరీలోంచి పొమ్మని ఎవరికీ చెప్పనండీ."

ఆయన మొహం ఎర్రబడింది. అంతలో ఆఫీసు నుంచి ఎవరో పిలిస్తే విసురుగా లేచి గుమ్మం దాకా వెళ్ళి, అలవాటు కొద్దీ, "వెళ్ళొస్తానమ్మా" అన్నారు.

"ఎగ్జిట్ అనండి సార్" అంది నాంచారమ్మ.

హేమసుందర్ నవ్వాపుకోలేక తల దించుకున్నాడు. బసవపున్నయ్యగారు గుమ్మంలోంచి వెనక్కి వచ్చి, బల్ల మీది తాళాల గుత్తి తీసి జేబులో వేసుకున్నారు.